వ్రాసే చేతికి చదివే నేస్తం



ఈ పూట నేను చెప్పబోయేది కథలు వ్రాసుకునే ఆడవాళ్ళ స్నేహం గురించి. పేరున్న రచయిత్రుల సంగతి కాదు సుమండీ. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఆరిన బట్టలు మడతపెట్టి, పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు వెతుక్కుని వ్రాసుకునేవాళ్ళ సంగతి. అలాంటివాళ్ళు మీ వీధిలోనూ ఉంటారు. మీకు తెలియదంతే. ఎందుకంటే ఆ పుస్తకం బియ్యం డబ్బా వెనకాల ఉంటుంది.

వీళ్ళలో చాలామందికి కథ వ్రాయాలనే బుద్ధి ఎక్కడ పుడుతుందో తెలుసా? టీవీ ముందు. నవ్వకండి. సీరియల్ చూడటమంటే పొద్దు పారేసుకోవటమేనని మగవాళ్ళు దెప్పుతారు. చాలావరకు నిజమేననుకోండి. కానీ 2008 నుంచి 2013 దాకా జెమిని టీవీలో మొగలిరేకులు వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. రుతురాగాలు, చక్రవాకం తీసిన మంజులానాయుడుగారే అదీ తీశారు. సీరియల్ అయిపోగానే మనవాళ్ళు ఊరుకునేవారా? మర్నాడు కుళాయి దగ్గర మళ్ళీ మొదలు. ఆ పిల్ల అట్లా నోరు మూసుకుని ఎందుకు పడి ఉందీ, నేనైతేనా... అని. ఆ "నేనైతేనా" అన్న దగ్గరే కథ పుడుతుంది. నూటికి తొంభైమంది అక్కడితో ఆపి బిందె ఎత్తుకుని వెళ్ళిపోతారు. ఎవరో ఒకామె మాత్రం ఇంటికెళ్ళి కాగితం తీస్తుంది.

ఇది మన ఊళ్ళకే పట్టిన పిచ్చి కాదు. అమెరికాలో 1966లో స్టార్ ట్రెక్ అని, ఓడలో నక్షత్రాల మధ్య తిరిగేవాళ్ళ సీరియల్ ఒకటి మొదలైంది. మరుసటి ఏడే, 1967లో, దాని అభిమానులు స్పాకనేలియా అనే చిన్న పత్రిక తెచ్చారు. తెచ్చింది ఇద్దరు స్త్రీలు. టైపు కొట్టి, సైక్లోస్టైల్ తీసి పోస్టులో పంపేవారు. ఆ తర్వాత అలాంటి పత్రికలు ఎన్నో వచ్చాయి. ఆ పాత్రలను తీసుకుని సొంతంగా కథలు అల్లినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రానురాను ఆ అభిమానుల్లో ఒక మంచి ఆచారం ఏర్పడింది. కథ నలుగురికీ చూపించేముందు ఒక నేస్తానికి ఇస్తారు. ఆమె చదివి, తప్పులు దిద్ది, "ఈ పాత్ర ఇట్లా మాట్లాడదు, మళ్ళీ చూడు" అని తిరిగి ఇస్తుంది. ఆమెను బీటా రీడరు అంటారట. జీతం లేదు. కథ దగ్గర ఒక కృతజ్ఞత మాట, అంతే.

అంత దూరం వెళ్ళటం ఎందుకు? మా చెరుకుపల్లి నుంచి బస్సెక్కితే వచ్చే బాపట్లలోనే పుట్టారు కనుపర్తి వరలక్ష్మమ్మగారు, 1896లో. మద్రాసు నుంచి డాక్టరు కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక మొదలుపెడితే, అందులో ఆవిడ శారద లేఖలు వ్రాశారు. శారద అనే ఆవిడ కల్పలత అనే నేస్తానికి వ్రాసే ఉత్తరాలు అవి. ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, ఖద్దరు, అన్నీ ఆ ఉత్తరాల్లోనే. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టిన మనిషి, 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్న మనిషి, తిన్నగా ఉపన్యాసమే ఇవ్వచ్చు కదా? ఒక నేస్తాన్ని కల్పించుకుని మరీ ఎందుకు వ్రాశారు? నాకు తోచింది చెబుతాను. సభకు చెప్పేటప్పుడు గొంతు పెద్దదవుతుంది, నేస్తానికి చెప్పేటప్పుడు మాట నిజమవుతుంది. ఎదుట ఒక చదివే మనిషి ఉన్నట్టు ఊహించుకుంటే తప్ప కలం సాగదు. అంతటి రచయిత్రికే అది అవసరమైంది, మనమెంత?

శారద పేరుతోనే తెనాలిలో మరొకరు వ్రాశారు. ఆయన మగవాడు, అసలు పేరు నటరాజన్. మాతృభాష తమిళం. చిన్నతనంలో తెనాలి వచ్చి, హోటల్లో సర్వరుగా చేస్తూ, తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే మంచీ చెడూ, అపస్వరాలు లాంటి నవలలు వ్రాశాడు. 1955లో, ముప్ఫయి దాటీ దాటకముందే, పోయాడు. ఆయనకు ఆలూరి భుజంగరావుగారని ఒక స్నేహితుడు. ఆయనా హోటలు పనివాడే. ఆయనా రచయిత అయ్యారు, హిందీ నుంచి ఎన్నో పుస్తకాలు తెలుగు చేశారు. శారద పోయాక ఆ స్నేహితుడి బతుకంతా ఒక పుస్తకంగా వ్రాసింది ఆయనే. పగలంతా కాఫీ కప్పులు మోసిన ఇద్దరికి చెప్పుకోవటానికి సాహిత్యం దొరికింది, సాహిత్యం చెప్పుకోవటానికి ఒకరికొకరు దొరికారు. మగవాళ్ళకు హోటలుంది, రోడ్డు పక్క అరుగుంది. మనకేముందీ అంటారా? చెబుతాను వినండి.

మా ఊళ్ళో జాకెట్లు కుట్టే పెద్దావిడ ఒకామె ఉంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది కానీ, ఊహ తెలిసినప్పటినుంచీ వారపత్రికలు నమిలి మింగిన మనిషి. రేపల్లె వైపునుంచి మా వీధికి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయి ఆవిడకు కుట్టటానికి గుడ్డ ఇచ్చి, సంచిలో ఆది జాకెట్టుతోపాటు పొరపాటున నోటుపుస్తకం కూడా ఇచ్చేసింది. అందులో ఏముంది? సీరియల్‌లో అత్త చేతిలో దెబ్బలు తినే కోడలికి ఈ అమ్మాయి కల్పించిన వేరే కథ. పదహారు పేజీలు.

పెద్దావిడ రాత్రికి రాత్రి చదివేసింది. మర్నాడు ఈ పిల్ల ముఖం కందగడ్డ చేసుకుని పరిగెత్తుకు వస్తే ఏమన్నదో తెలుసా?

"అంతా బాగానే ఉంది గానీ, అమ్మాయ్, ఈ అత్తగారు అన్నం ఎప్పుడు తింటుందే? మొదటి పేజీ నుంచీ తిడుతూనే ఉంది!"

"తినటం ఎందుకు పిన్నిగారూ, ఆవిడ చెడ్డది కదా?"

"చెడ్డవాళ్ళకు ఆకలెయ్యదూ?"

ఏ కాలేజీలోనూ ఇంత సూటిగా చెప్పరనుకుంటాను. ఆ రోజునుంచి ఆ పుస్తకం ఆది జాకెట్టు సంచిలోనే వచ్చీ పోయీ ఉండేది. ఇంట్లో ఎవరూ అడగరు కదా, జాకెట్టు కుట్టించుకోవటానికి వెళ్తున్నదనుకుంటారు. పెద్దావిడ ఎర్రసిరా వాడదు, మాట కొట్టేసి తన మాట వ్రాయదు. సరిగా లేదనిపించిన చోట కాగితానికి గుండుసూది గుచ్చుతుంది. "ఇక్కడ బిగుతైంది, ఊపిరాడటం లేదు. ఇక్కడ వదులైంది, జారిపోతోంది. ఎట్లా సరిచెయ్యాలో నీకే తెలియాలి, ఒళ్ళు నీది" అంటుంది. చూశారా, గురువు అంటే అదీ. వ్రాసేవాళ్ళ మీద ప్రేమకొద్దీ కథ మొత్తం మనమే తిరగవ్రాసి ఇస్తే, అది మన కథ అవుతుంది, ఆ పిల్ల మళ్ళీ కలం పట్టదు.

అసలు కొత్తగా వ్రాసేవాళ్ళను ఎక్కువగా పాడుచేసేది తిట్టు కాదండీ, "బాగుంది" అన్న మాట. చదవకుండానే బాగుందనేవాళ్ళు కొందరు, నొచ్చుకుంటుందని బాగుందనేవాళ్ళు కొందరు. వంటలో ఉప్పు తక్కువైతే చెప్పే చెల్లెలు కథ దగ్గరికొచ్చేసరికి మర్యాదస్తురాలైపోతుంది. ఎందుకో!

ఏడాదిన్నర గడిచేసరికి ఆ అమ్మాయి సీరియల్ పాత్రలను వదిలేసి, తన పుట్టింటి వైపు మనుషుల మీద సొంతంగా కథ వ్రాసింది. ఒక వారపత్రికకు పంపితే వేశారు. వీధివీధంతా వచ్చి పలకరించింది. పెద్దావిడ మాత్రం రాలేదు. పిల్లే పత్రిక పట్టుకుని వెళితే, మిషను ఆపకుండా, "అలాగా, మంచిది" అన్నదట. అంతే.

పెద్దావిడకు కన్ను కుట్టిందని అందరూ చెవులు కొరుక్కున్నారు. కుట్టిందనే అనుకుందాం. కుట్టదా? చిన్నప్పుడు తనూ రెండు కథలు పంపింది, స్టాంపు అంటించి పంపిన కవరులోనే అవి తిరిగివచ్చాయి. ముప్ఫయ్యేళ్ళ తర్వాత తను చెయ్యిపట్టి దిద్దించిన పిల్ల పేరు అచ్చులో చూస్తే ఏమనిపిస్తుంది? సంతోషమూ ఉంటుంది, ముల్లూ ఉంటుంది. ముల్లు ఉన్నంతమాత్రాన సంతోషం అబద్ధమని నేను అనను. ఆ పిల్ల మనసు కష్టపెట్టుకోవటమూ సహజమే. నెలన్నర అటువైపు వెళ్ళలేదు, జాకెట్లు ఇంకొకచోట కుట్టించుకుంది. పుట్టింటినుంచి అత్తింటికి వచ్చి, ఎంతోమంది మధ్య తన్ను చదివే మనిషి ఒకే ఒక్కరు దొరికితే, ఆ ఒక్కరూ పోవటమంటే ఏమిటో ఆలోచించండి. ఆ నెలన్నరా ఒక్క పేజీ వ్రాయలేదట.

చివరికి ఒకరోజు పెద్దావిడ మనవడు సంచి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. అందులో వీళ్ళ పాత ఆది జాకెట్టు, దాని మడతలో ఆ వారపత్రిక. అచ్చయిన కథకు మూడుచోట్ల గుండుసూదులు!

అచ్చయిపోయాక కూడా ఇదేం చాదస్తమని కొందరు నవ్వారు. నాకైతే ముచ్చటేసింది. పత్రికవారు వేసుకున్నారు కాబట్టి ఇక నీకు నేను అక్కర్లేదేమో అని దూరం జరగకుండా, నీ పేరు అచ్చులో పడ్డా నా చదువు నేను చదువుతానని చెప్పటమే కదా అది. ఆ పిల్ల ఆ సాయంత్రమే వెళ్ళింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అడగకూడదు కూడా. వెళ్ళిన పిల్ల వచ్చేటప్పుడు వట్టిచేతులతో రాలేదని మాత్రం తెలుసు. పెద్దావిడ ట్రంకుపెట్టె అడుగున ముప్ఫయ్యేళ్ళుగా పడి ఉన్న ఆ తిరిగివచ్చిన కథలు రెండూ అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు వాటిని ఈ అమ్మాయి చదువుతున్నది. మొదటి కథలో ఇప్పటికే ఏడు గుండుసూదులున్నాయట.