మొక్కనే అడిగిన ప్రొఫెసరుగారు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మెడిసిన్ సీటు రాకపోతే పిల్లల చదువే పాడైపోయినట్టు బాధపడుతున్నాం. బి.ఎస్సీ.లో బయాలజీ చదివి ఏం చేస్తారని అడుగుతున్నాం. అందుకే ఇవాళ ఫ్రిట్స్ వెంట్ అనే ప్రొఫెసరుగారి సంగతి చెబుతాను.

ఆయన 1903లో హాలండులో పుట్టారు. ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1926లో, ఓట్స్ మొలకల కొనలు కోసి అగర్ ముక్కపై ఉంచారు. తర్వాత ఆ ముక్కను కొన తీసేసిన మొలకపై ఒక పక్కగా పెడితే మొలక వంగింది! పెరుగుదలకు కారణమైన పదార్థం కొనలో ఉన్నదని అలా రుజువైంది. దానినే ఆక్సిన్ అంటారు.

కొన్నేళ్లు జావాలో పనిచేసి, 1933లో అమెరికాలోని కాల్టెక్‌కు వచ్చారు. రాత్రి చల్లగా ఉంటేనే టమాటా బాగా కాస్తుందని అక్కడ తేల్చారు. మన ఎండాకాలంలో టమాటా పూత రాలడానికి రాత్రి వేడి కూడా ఒక కారణమే. ఇలాంటివి తేల్చాలంటే వేడి, వెలుతురు, తేమ మన చేతిలో ఉండాలి గదా! అందుకని ఒక్కో గదికి ఒక్కో వాతావరణం ఉండే ఫైటోట్రాన్‌ను 1949లో క్యాంపస్‌లోనే నెలకొల్పారు. ఆ భవనాన్ని తర్వాత పడగొట్టారు. కాని అలాంటివి ఎన్నో దేశాల్లో వెలిశాయి.

కాబట్టి మన సంఘం స్కాలర్‌షిప్పులు బి.ఎస్సీ. పిల్లలకూ అందాలని మనవి. మొక్కను చూసి "ఎందుకిలా?" అని అడిగే పిల్లను ఆపకండి.

ఖుదా హాఫిజ్.