డెబ్బై అయిదు దాటాక ఒక చిత్రకారిణి
(సంఘ మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా మనం ఇక్కడ డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికేట్ల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. ఈ నెల కార్యదర్శిగారు వేరే విషయం ఏదైనా చెప్పమన్నారు. స్కాట్లండు చిత్రకారిణి గురించి చెబుతానంటే, "ఆవిడకీ మనకీ ఏమిటండీ సంబంధం?" అన్నారు. "వయసండీ" అన్నాను.

ఆవిడ పేరు విల్హెల్మినా బార్న్స్-గ్రాహం. స్నేహితులు "విల్లీ" అని పిలిచేవారు. 1912 జూన్ 8న స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. ఆడపిల్ల బొమ్మలు వేసుకుంటూ బ్రతకడం తండ్రికి ఇష్టం లేదు. అయినా పట్టుబట్టి ఎడింబరో కళాశాలలో చేరి, 1937లో డిప్లొమా పుచ్చుకున్నారు. 1940లో ఇంగ్లండుకు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో ఉన్న సెయింట్ ఐవ్స్ అనే జాలరుల ఊరికి వెళ్ళారు. యుద్ధకాలం కనుక కొన్నాళ్ళు అక్కడి ఫ్యాక్టరీలో మిలిటరీ వారికి మరుగువలలు తయారుచేసే పని చేశారు. ఆ ఫ్యాక్టరీని కూడా బొమ్మగా వేశారు. 1944 నాటి ఆ చిత్రం ఇప్పుడు టేట్ మ్యూజియంవారి దగ్గర ఉంది.

అసలు మలుపు 1949లో వచ్చింది. స్విట్జర్లండులో గ్రిండెల్‌వాల్డ్ అనేచోట హిమానీనదం చూశారు. హిమానీనదం అంటే కొండమీదినుంచి చాలా మెల్లగా జారే మంచునది. మనలో బదరీ యాత్ర చేసినవారికి మంచుకొండలు దూరంనుంచి పరిచయమే. ఈవిడ దగ్గరకు వెళ్ళి చూశారు. ఆ మంచు గాజులాగా ఉంటుంది. పైభాగమూ కనిపిస్తుంది, లోపలి పగుళ్ళూ కనిపిస్తాయి, వాటి వెనకనుంచి వచ్చే వెలుగూ కనిపిస్తుంది. మామూలుగా కొండను వేసేవాడు ఒకచోట నిలబడి, కనిపించినంత వేస్తాడు. ఈవిడకు అది చాలలేదు. పైనుంచి, పక్కనుంచి, లోపలినుంచి, పక్షి చుట్టూ ఎగురుతూ చూసినట్టుగా, అన్నీ ఒకే బొమ్మలో రావాలనుకున్నారు. 1950 నాటి "గ్లేసియర్ క్రిస్టల్" చిత్రంలో పలకలమీద పలకలు, ఒకదానిలోంచి ఒకటి కనబడుతూ ఉంటాయి. మొదట చూసినప్పుడు నాకు కొండ కనిపించలేదు. కొంతసేపు చూస్తే చల్లదనం తెలిసింది! (చిత్రకళ చదువుతున్న మా మనవరాలు, "తాతయ్యా, నువ్వు ఫైలులో సంతకం వెతికినట్టు బొమ్మలో కొండను వెతుకుతున్నావు" అంది.)

ఇక చెప్పవలసినది కొంచెం బాధాకరం. అదే 1949లో సెయింట్ ఐవ్స్ కళాకారులు పెన్‌విత్ సొసైటీ స్థాపించారు. స్థాపక సభ్యులలో ఈవిడ ఒకరు. బెన్ నికల్సన్, బార్బరా హెప్‌వర్త్ వంటి పెద్దలతో కలిసి మెలిసి పనిచేశారు. కాని తరువాత ఆ ఊరి చిత్రకళా చరిత్ర చెప్పేటప్పుడు పీటర్ లాన్యన్, పాట్రిక్ హెరన్, టెర్రీ ఫ్రాస్ట్ అంటూ మగవారి పేర్లే ముందు వచ్చేవి. ఈవిడ పేరు చాలాకాలం వెనకవరసలోనే ఉండిపోయింది. మా ఆఫీసులో ఒక సహోద్యోగిని ఉండేవారు. కష్టమైన నోటు ఏదైనా ఆవిడ చేతే రాయించేవారు. మెప్పు మాత్రం సంతకం పెట్టినవారికి దక్కేది. రిటైరైననాడు దండ వేశారు, ఆ నోట్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. విల్లీగారి సంగతి చదువుతుంటే ఆవిడే గుర్తుకు వచ్చారు.

వివాహం జరిగింది కాని నిలవలేదు. 1960లో సెయింట్ ఆండ్రూస్ దగ్గర బాల్‌మంగో అనే ఇల్లు వారసత్వంగా సంక్రమించింది. అప్పటినుంచి కొన్ని నెలలు స్కాట్లండులో, కొన్ని నెలలు కార్న్‌వాల్‌లో. రెండుచోట్లా సముద్రమే. అలలను సన్నని గీతలతో, గీత పక్కన గీతగా, ఎంతో ఓపికతో వేశారు.

మనం 58కి ఇంటికి వచ్చాం. ఆవిడ 75వ ఏట, అంటే 1987లో, ఒక ట్రస్టు పెట్టారు. తన చిత్రాలను, కాగితాలను భద్రపరచడానికి, చదువుకునే యువ కళాకారులకు సాయపడడానికి. మనం నామినేషన్ ఫారం నింపడానికే వాయిదాలు వేస్తాం. ఆవిడ ముందే ఆ పని పూర్తిచేసి, మళ్ళీ కుంచె పట్టారు.

అప్పుడు వేసినవే నాకు అన్నిటికన్నా నచ్చాయి. 1990లలో, ఎనభై దాటాక, "స్కార్పియో" వరస మొదలుపెట్టారు. కాగితంమీద అక్రిలిక్ రంగులు. ఎరుపు, పసుపు, నీలం. వెడల్పాటి కుంచెతో ఒక్క విసురు, అంతే. వెనకటి సన్నని గీతలు వేసిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది. దశాబ్దాలపాటు కొలిచి కొలిచి వేసిన మనిషికే ఆ ధైర్యం వచ్చిందని నా అభిప్రాయం. మనవరాలు ఒప్పుకోలేదు, చిన్నప్పటినుంచీ ఆవిడకు అక్షరాలు కూడా రంగుల్లో కనిపించేవట, ఆ రంగులే ఇన్నాళ్ళకు బయటికి వచ్చాయంటుంది. అక్షరానికి రంగు కనబడడం కొందరికి పుట్టుకతో ఉండే లక్షణం. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తేలలేదు.

1990ల చివరినుంచి స్క్రీన్ ప్రింటింగు కూడా విరివిగా చేశారు. మన శుభలేఖలు వేసే పద్ధతే. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర. ఆ వయసులో కొత్తవాళ్ళతో కలిసి కూర్చుని చేశారు.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1999లో సెయింట్ ఐవ్స్‌లోని టేట్‌లో ఆవిడ ప్రదర్శన ప్రారంభమైంది. 2001లో బ్రిటిష్ ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదు ఇచ్చింది. 2004 జనవరి 26న, మనం జెండా ఎగురవేసుకున్న రోజున, 91 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తరువాత ఇరవై ఏళ్ళకు, 2024లో, మార్క్ కజిన్స్ అనే దర్శకుడు ఆ మంచునది అనుభవం ఆధారంగా ఆవిడ మీద చిత్రం తీస్తే, దానికి కార్లోవీ వారీ చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి వచ్చింది.

మా మనవరాలి పుస్తకం అడిగి తెచ్చి ఆ బల్లమీద ఉంచాను. టీ తాగేటప్పుడు చూడండి, కప్పు మాత్రం దూరంగా పెట్టండి. ఎనభై తరువాతి బొమ్మలు చివరి పేజీలలో ఉన్నాయి.