త్రాగునీటి పరీక్ష



తేటగా నున్న నీరెల్ల మంచినీరని మనవారి నమ్మకము. 1937లో నాటి నెల్లూరు మండలమున వైద్యులు ఫ్లోరోసిసు వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతమునను ఇట్టి బావినీటివలన పండ్లు గారపట్టి, ఎముకలు వంగినవారు పెక్కండ్రు. వంగిన యెముకను సరిచేయు మందు లేదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. లీటరు నీటియందు అది 1 మిల్లిగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు లేనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఇది కంటికిని నాలుకకును తెలియదు, ప్రయోగశాలకే తెలియును.

నేడు పెక్కూళ్లకు నదీజలములు గొట్టములద్వారా వచ్చుచున్నవి. శుద్ధిచేయుచోట పరీక్షించిరి గదా యని మన మూరకుండరాదు. సరఫరా ఆగినపుడు గొట్టపు పగుళ్లగుండ మురుగు చొచ్చును. అందులకే నీట క్లోరిను కలుపుదురు. అది ఊరి చివరి కుళాయియందును లీటరునకు 0.2 మిల్లిగ్రాములైన మిగిలియుండవలెను. పరీక్షాపేటికలోని మందు వేసినచో అట్టి నీరు గులాబివన్నె దాల్చును. వన్నె రానిచో వెంటనే సరఫరావారికి తెలుపవలయును.

కావున చివరి కుళాయినే పరీక్షింపించుడు. ఫలితమును తేదీతో పంచాయతి పుస్తకమున వ్రాయించుడు. కుళాయి రాని దినమున పరీక్షింపని పాతబోరు నీటిని పిల్లలకు త్రాగనీయకుడు. నీరిచ్చుట పుణ్యమని మన పెద్దలు చెప్పిరి. ఇచ్చు నీరు నిర్దోషమని యెఱుగుటయు ఆ పుణ్యమున భాగమే.