ఛాయాచిత్రాన్ని గుత్తకివ్వడం

(నాగలమడిక పరిసరాల నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన తెలుగువారి సమావేశంలో, నగరపాలక సంస్థ అనువాద విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మనది పావగడ తాలూకా. మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్, పరిపాలన కర్ణాటకది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, బతుకుతెరువు ఈ నగరంలో. పుష్యమాసంలో అంత్య సుబ్రహ్మణ్యస్వామి బ్రహ్మరథోత్సవానికి నాగలమడిక వెళ్లివచ్చిన ప్రతివారి ఫోనులోనూ పదుల కొద్దీ ఛాయాచిత్రాలు ఉంటాయి. రథం, ఉత్తర పినాకినిలో నీళ్లు, తిరుమణి వైపు కనుచూపు మేర పరచుకున్న సౌరఫలకాలు, బీడు మీద గొర్రెల మంద. ఇవన్నీ మనం ఇష్టంతో తీసినవి, అమ్మడానికి తీసినవి కావు. అయితే ఒకనాడు ఎవరో ఫోను చేస్తారు. "మీ ఫొటో చూశాం, మా క్యాలెండరుకు వాడుకుంటాం, ఎంత ఇమ్మంటారు?" అని అడుగుతారు. మనలో చాలామంది మొహమాటానికి "పర్వాలేదండీ, వాడుకోండి" అంటారు. కొందరు నోటికి వచ్చిన అంకె చెబుతారు. ఎందుకు, ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నలు ఎలా అడగాలో, వచ్చిన జవాబులను బట్టి వెల ఎలా కట్టాలో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

అనువాదం నా వృత్తి కనుక ముందుగా ఒక మాట గురించి చెబుతాను. కార్యాలయాల్లో లైసెన్సు అన్న పదానికి మేము "అనుమతి" అని రాస్తాం. అంగడి పెట్టడానికి అది సరిపోతుంది. ఛాయాచిత్రం విషయంలో మాత్రం ఆ మాట మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. అనుమతి ఇవ్వడం అనగానే తలుపు తెరిచి లోపలికి రమ్మన్నట్టు తోస్తుంది. వచ్చినవారు ఎంతసేపు ఉంటారు, ఏం పట్టుకుపోతారు అన్న ఆలోచన రాదు. మన సీమలో ఇంతకంటే మంచి మాట ఉంది: గుత్త. కన్నడంలో గుత్తిగె. పొలం మనదిగానే ఉంటుంది. ఇంత కాలానికి, ఇంత పైకానికి, ఫలానా పనికి మాత్రమే ఇతరులు అనుభవిస్తారు. గడువు తీరితే పొలం తిరిగి మన చేతికి వస్తుంది. ఛాయాచిత్రపు లైసెన్సు సరిగ్గా ఇదే.

గుత్త అంటే ఏమిటో నాగలమడిక హోబళికి వేరే చెప్పనక్కరలేదు. తిరుమణి, బళసముద్రం, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ కేంద్రం వెలిసింది. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. 2019 చివరికి అది పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడ రైతుల భూమిని ప్రభుత్వం కొనలేదు, స్వాధీనం చేసుకోలేదు, గుత్తకు తీసుకుంది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి ఐదు శాతం పెంపు అన్నది ఒప్పందం. అంటే మొదటి రెండేళ్లు 21,000, తర్వాతి రెండేళ్లు 22,050, ఆ పైన 23,152 చిల్లర. ఆ ధర చాలునా చాలదా అన్నది వేరే చర్చ. ఒప్పందపు రూపాన్ని గమనించండి. అందులో వస్తువు, పని, కాలం, పైకం, పెంపు అన్నీ ఉన్నాయి. ఇదే రూపాన్ని ఛాయాచిత్రానికి వర్తింపజేస్తే సగం పని పూర్తయినట్టే.

ఇక ఛాయాచిత్రం ఎవరి సొత్తు? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దాన్ని తీసిన వ్యక్తి. సాధారణంగా తొలి హక్కుదారు కూడా ఆ వ్యక్తే. తీసినది పెద్ద కెమెరానా, ఫోనా అన్న భేదం లేదు. అభిరుచికి తీశారా, వృత్తిగా తీశారా అన్న భేదమూ లేదు. ఇందౌరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్ దయాళ్ తర్వాత ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యారు. ఆ మొదటి నాటి చిత్రాలను "ఉద్యోగి సరదాకు తీసినవి" అని ఈనాడు ఎవరూ తీసివేయరు. రిజిస్టరు చేయించకపోయినా హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఆ హక్కు తీసినవారి జీవితకాలం, ఆ తర్వాత మరో అరవై ఏళ్లు నిలుస్తుంది. మీ మనవలకు కూడా సంక్రమించే ఆస్తి అది.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. డబ్బిచ్చి ఎవరైనా మీచేత ప్రత్యేకంగా ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారిది. ఉద్యోగ విధిలో భాగంగా తీస్తే హక్కు యజమానిది. కనుక పెళ్లి ఫొటోలకు, కార్యాలయపు పనులకు ముందే రాతకోతలు చేసుకోవడం మేలు.

ఛాయాచిత్రాన్ని ఇతరులకు ఇచ్చే దారులు మూడు. భూమి భాషలోనే చెబుతాను: క్రయం, గుత్త, దానం.

క్రయమంటే హక్కు మొత్తాన్ని బదలాయించడం. ఆ తర్వాత మీ ఫొటోను మీరే క్యాలెండరుగా వేసుకోవాలన్నా కొన్నవారిని అడగాలి. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో కనిపించిన పచ్చని గుట్ట, నీలాకాశం మీకు గుర్తుండే ఉంటుంది. చార్లెస్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియాలో తీసిన ఆ చిత్రం పూర్తి హక్కులను మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నది. ఆ స్థాయి క్రయానికి ఆ స్థాయి వెల ఉండాలి. "అన్ని హక్కులూ శాశ్వతంగా" అన్న మాట ఒప్పందంలో ఉంటే అది క్రయపత్రమని గ్రహించి ధర చెప్పండి. ఫొటో పోటీల నిబంధనల్లోనూ ఈ మాట దాగి ఉండవచ్చు. పంపేముందు చదవండి.

గుత్త గురించి చట్టం స్పష్టంగా ఉంది. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రాతను కూడా గుర్తిస్తుంది. కనుక ఈమెయిలులోనైనా సరే, రాసుకోండి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతటికీ అని చట్టం భావిస్తుంది. ఒక ఏడాది క్యాలెండరుకని నోటిమాటగా అనుకుని, కాగితంలో గడువు వేయకపోతే ఐదేళ్లకు ఇచ్చినట్టయ్యే ప్రమాదం ఉంది.

దానం కూడా గౌరవప్రదమైన దారి. వికీమీడియా కామన్స్‌లో ఫొటో పెట్టడం అటువంటిది. తెలుగు వికీపీడియాలో మన ఊరి పుటకు బొమ్మ కావాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. అయితే అక్కడ అంగీకరించే లైసెన్సులు వాణిజ్య వినియోగాన్ని కూడా అనుమతిస్తాయి. ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. తెలిసి ఇచ్చినదే దానం. తెలియక ఇచ్చినదానిని నష్టమంటారు.

ఇప్పుడు వెల సంగతి. ఛాయాచిత్రానికి దానంతట అదిగా ఒక ధర ఉండదు, దాని వినియోగానికి ఉంటుంది. అడిగినవారిని ఆరు ప్రశ్నలు వేయండి. ఎక్కడ వాడతారు, అచ్చులోనా, వెబ్‌సైటులోనా, రోడ్డు పక్క హోర్డింగు మీదా? ఎన్ని ప్రతులు, ఎంత పరిమాణం? ఎంతకాలం? ఏ ప్రాంతంలో? మీకొక్కరికేనా, ఇతరులకు కూడా ఇవ్వవచ్చా? చివరిది: ఈ ఫొటో దొరకకపోతే మీకు ఎంత ఖర్చవుతుంది?

ఈ ఆరవ ప్రశ్నే బేరానికి ఊతం. నగరం నుంచి ఒక ఛాయాగ్రాహకుణ్ణి నాగలమడిక పంపాలంటే ప్రయాణం, బస, రోజు కూలి కలుస్తాయి. పైగా రథోత్సవం ఏడాదికి ఒక్కసారే. ఈ వేసవిలో క్యాలెండరు ప్రణాళిక వేసేవారికి రథం బొమ్మ మళ్లీ తీయించుకునే అవకాశం లేదు. ఉదాహరణకు ఆ ఖర్చు 8,000 రూపాయలు అనుకుందాం. ఇది బజారు ధర కాదు, లెక్క తీరు చెప్పడానికి అనుకున్న అంకె. కర్ణాటకలో ఒక ఏడాదికి, రెండు వేల క్యాలెండర్లకు మాత్రమే అయితే 3,000 అడగవచ్చు. వెబ్‌సైటులో కూడా అంటే దానికి విడిగా కలపాలి. వేరెవరికీ ఇవ్వకూడదంటే రెట్టింపు చేయడం న్యాయమే, ఎందుకంటే ఆ ఏడాది పొలం మొత్తాన్ని వారికే అప్పగిస్తున్నారు. మళ్లీ కావాలంటే మళ్లీ గుత్త, దాని మీద పెంపు. రాబడి లేని ఊరి బడికో, గ్రంథాలయానికో అయితే ఉచితంగానే ఇవ్వండి. కానీ అప్పుడు కూడా ఎందుకు, ఎంతకాలం అన్నది రాసి ఇవ్వండి.

"డబ్బు ఇవ్వలేం, కింద మీ పేరు వేస్తాం" అనేవారు తరచుగా తారసపడతారు. కర్త అని చెప్పుకునే హక్కు చట్టంలోని 57వ సెక్షను మీకు ముందే ఇచ్చింది. కాపీరైట్ అమ్మేసిన తర్వాత కూడా అది మీతోనే ఉంటుంది. మన సొమ్మును మనకే ఇచ్చి దాన్ని చెల్లింపు అనడం కుదరదు.

ఇంకొక మాట కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి: రాయల్టీ ఫ్రీ. అనువాదంలో దీన్ని "ఉచితం" అని రాస్తే పెద్ద పొరపాటు. ఒకసారి సొమ్ము చెల్లించి, నిబంధనలకు లోబడి పలుమార్లు వాడుకోవచ్చని దాని భావం. 2000లో కెనడాలోని కాల్గరీలో మొదలైన ఐస్టాక్‌ఫొటో వంటి సంస్థలు ఔత్సాహికుల చిత్రాలను ఈ పద్ధతిలో చవకగా, పెద్ద ఎత్తున అమ్మే దారి తెరిచాయి. అందులో చేరడం తప్పు కాదు. ఒక్కొక్క అమ్మకానికి వచ్చేది కొద్దిపాటి మొత్తం, కొనేవారు ఎక్కువమంది కావచ్చు. కాకపోతే అక్కడ పెట్టిన ఫొటోను తర్వాత మరొకరికి "మీకొక్కరికే" అని ఇచ్చే అవకాశం పోతుంది.

ఇంతవరకు తీసినవారి హక్కు గురించి మాట్లాడాను. ఫొటోలో ఉన్నవారి సంగతి అంతకంటే ముఖ్యం. సౌరకేంద్రం వచ్చినప్పుడు భూమి ఉన్నవారికి గుత్త సొమ్ము వచ్చింది. అదే భూమిలో కలుపు తీసి, శనక్కాయలు పెరికి బతికిన భూమిలేని కూలీలకు పని పోయింది, గుత్తలో వాటా రాలేదు. ఆ వెలితిని మనం చూశాం. మన ఫొటోల్లో దాన్ని మళ్లీ చేయకూడదు. గొర్రెలు కాచే పెద్దాయన ముఖం, తలమీద బిందెతో నడిచే అక్క ముఖం మన ఫొటోకు విలువ తెస్తాయి. ఆ ముఖం ఒక కంపెనీ ప్రకటనలోకి వెళ్లేముందు ఆ మనిషిని అడిగామా? వచ్చిన దానిలో ఆ మనిషికేమైనా ఇచ్చామా?

2007లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక వ్యవహారం దీన్ని తేటతెల్లం చేస్తుంది. అమెరికాలోని ఒక బాలిక ఫొటోను తెలిసిన వ్యక్తి తీసి, వాణిజ్య వినియోగానికి వీలిచ్చే లైసెన్సుతో ఫ్లికర్‌లో పెట్టారు. వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా దాన్ని ఎగతాళి ధ్వనించే ప్రకటనలో వాడింది. కుటుంబం టెక్సాస్‌లో దావా వేసింది. ఆ కంపెనీ మీద తమకు విచారణాధికారం లేదని న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. బాలికకు న్యాయం తేలనేలేదు. తీసినవారి లైసెన్సు ఫొటోలోని మనిషి సమ్మతి కాదన్నది అందులోని పాఠం. మన దేశంలో కూడా 1994 నాటి రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ఒకరి పేరునో రూపాన్నో వారి సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడడం ఏకాంత హక్కుకు భంగమని చెప్పింది.

అందుచేత సమ్మతిపత్రం ఆ మనిషి భాషలో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. వచ్చిన సొమ్ములో ఒక వాటా ముందే అనుకుని ఇవ్వాలి.

గుత్త కాగితం పొడవుగా ఉండనక్కరలేదు. ఈ కింది మాదిరిలో రాసుకోవచ్చు:

"ఈ కాగితానికి జతచేసిన ఛాయాచిత్రాన్ని తీసినది నేను. దీనిని (సంస్థ పేరు) వారు (సంవత్సరం) గోడ క్యాలెండరులో, (సంఖ్య) ప్రతులకు మించకుండా, కర్ణాటకలో మాత్రమే, (తేదీ) నుంచి (తేదీ) వరకు వాడుకోవచ్చు. ఇతర వినియోగాలకు, ఇతరులకు బదలాయించడానికి నా రాతపూర్వక సమ్మతి కావాలి. పైకం (మొత్తం) రూపాయలు, అచ్చుకు ముందే చెల్లించాలి. చిత్రం కింద నా పేరు వేయాలి. కాపీరైట్ నాదే. చిత్రంలోని వ్యక్తుల సమ్మతిపత్రాలు దీనితో జతచేయబడ్డాయి."

ఇరువురూ సంతకం చేయండి, చెరొక ప్రతి ఉంచుకోండి. అసలు ఫైలును భద్రపరచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు చిత్రం కుదించబడుతుంది, తీసిన తేదీ మొదలైన వివరాలు తొలగిపోతాయి. మీ దగ్గరి అసలు ఫైలే మీ పట్టా.

చెప్పకుండా ఎవరైనా వాడుకుంటే కోపంతో మొదలుపెట్టకండి. వాడిన చోటును తేదీతో సహా ఫొటో తీసి ఉంచండి. మీ ధర చెబుతూ లేఖ రాయండి. చాలావరకు అక్కడే తేలుతుంది. తేలకపోతే వాడకం ఆపించడానికి, నష్టపరిహారానికి సివిల్ న్యాయస్థానానికి వెళ్లవచ్చు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు శిక్ష కూడా చట్టంలో ఉంది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయసేవల ప్రాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. దాని ఫోను సంఖ్య 15100.

ఊరు విడిచి వచ్చిన మనలో చాలామందికి అక్కడ సెంటు భూమి కూడా మిగల్లేదు. మన చేతిలో మిగిలింది కొంత జ్ఞాపకం, దాన్ని పట్టి ఉంచే కొన్ని ఛాయాచిత్రాలు. వాటికి గట్లు ఉన్నాయని, హక్కుపత్రం ఉందని తెలుసుకుందాం. ఇవ్వదలచినప్పుడు ధారాళంగా ఇద్దాం, అడగదలచినప్పుడు బెరుకు లేకుండా అడుగుదాం. ఫొటోలో ఉన్న మనిషిని మాత్రం ఎప్పుడూ మరవవద్దు.