చెరువులలో గుర్రపు డెక్క

(తిరువూరులో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మీ ప్రాంతము మెట్ట నేల. నాగార్జునసాగరు ఎడమ కాలువ చివరి భూములకు నీరు అన్ని సంవత్సరములును ఒక్క తీరున అందదు. అందుచేత వాననీటితో నిండు చెరువే ఇచ్చట పొలమునకు, పశువులకు, చేపల పాటకు ఆధారము. అట్టి చెరువును గుర్రపు డెక్క కప్పివేసినచో తూము మూసుకొనును. పశువు నీటిలో దిగజాలదు. చేపకు ప్రాణవాయువు చాలదు. కొల్లేటిలోను, ఆ సరస్సు నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరులోను ఇది దట్టముగా పెరిగి పారుదలకు అడ్డగుచున్న సంగతి మీరెరిగినదే.

ఈ మొక్క మన దేశపుది కాదు. దక్షిణ అమెరికాలో పుట్టినది. పూవు అందమునకు ముచ్చటపడి 19వ శతాబ్దము చివర వంగదేశమునకు తెచ్చిరి. అచ్చటి ప్రభుత్వము 1936లో దీనిని అణచుటకు ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చెను. చట్టము మిగిలినది, మొక్కయు మిగిలినది.

తీసివేసినను ఇది మరల ఏల వచ్చుచున్నది? తల్లి మొక్క ప్రక్కకు కాడ చాచి పిల్ల మొక్కను పెట్టును. అనుకూల కాలములో సుమారు రెండు వారములకు విస్తీర్ణము రెట్టింపగును. ఒక్క సెంటు మేర విడిచిపెట్టితిరనుకొనుడు. ఏడు రెట్టింపులలో, అనగా మూడున్నర నెలలలో, అది ఎకరము దాటును. ఇది గాక దీని విత్తనము అడుగు బురదలో పదిహేను, ఇరువది యేండ్లు బ్రతికి యుండగలదు. చెరువు ఎండి మరల నిండినపుడు మొలచును. కావున ఒక్క వేసవిలో మొత్తము సొమ్ము వెచ్చించి బాగుచేయించి, పని ముగిసినదని బిల్లు చెల్లించు పద్ధతి, నా అభిప్రాయములో, సొమ్మును నీటిలో వేయుటయే. గుత్త మొత్తములో కొంత భాగమును నిలిపియుంచి, వానలు వెళ్లిన పిదప చెరువును చూచి చెల్లింపుడు. వారమునకొకసారి ఇద్దరు మనుష్యులు గట్టు వెంబడి తిరిగి కొత్త మొక్కలను ఏరివేయుటకు అయ్యెడి కూలి స్వల్పము.

వేసవిలో నీరు తగ్గినపుడు, పూవు రాకమునుపే పని మొదలిడవలెను. గాలి మొక్కలను ఏ ఒడ్డునకు నెట్టునో ఆ ఒడ్డున మనుష్యులను నిలుపుడు. చెరువునకు అడ్డముగా కొబ్బరి మోకు పట్టి లాగినచో చాపవలె కదలివచ్చును. పచ్చి మొక్క బరువులో నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. వెంటనే బండికెత్తించుట నీటికి బాడుగ ఇచ్చుట వంటిది. కొలది దినములు గట్టుపై వాడనిండు. కాని నీటి అంచున వేయవలదు. ఒక్క వానకు అంతయు తిరిగి చెరువులో పడును. వాడిన మొక్కను పేడతో పొరలు పొరలుగా పేర్చి మట్టి కప్పినచో మంచి ఎరువగును.

పై చెరువునుండి నీరు తెచ్చు కాలువకు వెదురు తడిక కట్టుడు. వరద దినములలో తడికకు చేరిన చెత్తను తీయు మనిషి తప్పక ఉండవలెను. అలుగునకు మాత్రము ఎన్నడును తడిక కట్టరాదు, గట్టు తెగును. ఇండ్ల మురుగు చెరువులో కలిసినంతకాలము మనము ఆ మొక్కకు ఎరువు వేయుచున్నట్లే. మురుగు మళ్లించుట కలుపు తీయుటకంటె ముందు చేయదగిన పని.

కలుపు మందు చల్లుదమని కొందరు తొందరపడుదురు. త్రాగునీటి చెరువులో ఆ ఆలోచన వలదు. ఒక్కసారిగా చచ్చిన మొక్క నీటిలోనే క్రుళ్లి చేపలను చంపును. మొక్కను తిను ముక్కు పురుగులను 1982లో విదేశమునుండి బెంగుళూరునకు తెప్పించి, పరీక్షించి విడిచిరి. కొన్ని జలాశయములలో అవి బాగుగా పనిచేసినవి. కాని అందుకు కొన్ని యేండ్లు పట్టును. ఏటేట ఎండు మీ చెరువులకు అంతగా ఉపయోగపడవు. గడ్డిచేప అడుగు నాచును తినును గాని గుర్రపు డెక్కను అణచజాలదు. కొర్రమీను ఉన్న చెరువులో చిన్న పిల్లలను వదలినచో అవి కొర్రమీనుకే మేతయగును. జానెడు పిల్లలనే వదలవలెను.

అంతర తామర సంగతి వేరు. మాన్సోనియా అను దోమ పిల్లలు దాని వేళ్లకు గొట్టము గ్రుచ్చి గాలి పీల్చును. పైకి రావు గనుక నూనె చల్లినను చావవు. ఈ దోమ వలన కేరళలోని చేర్తలలో బోదకాలు వ్యాపించెను. 1980-90 దశకములో పుదుచ్చేరిలోని దోమల పరిశోధన కేంద్రమువారు అచ్చటి ప్రజలచేత ఆ కలుపును తీయించి, కొబ్బరి చెట్లకు ఎరువుగా వేయించి, గుంటలలో చేపలు పెంచునట్లు చేసిరి. చేపలపై రాబడి వచ్చుటచేత గుంటను శుభ్రముగా ఉంచుట యజమానికే లాభమైనది.

మీ చేపల పాటలోను ఈ ఉపాయము పనిచేయును. పాడుకొనువాడు సంవత్సరము పొడుగున గుర్రపు డెక్కను తీయించవలెననియు, అట్లు చేయనిచో ధరావతునుండి ఆ ఖర్చు మినహాయింపబడుననియు షరతు వ్రాయించి, పాటకు ముందే తీర్మానము చేయుడు. చెరువు నీటిపారుదల శాఖ ఆధీనములోనిదైనచో, వారి అనుమతియు, నీటి సంఘము సమ్మతియు పొందిన తరువాతనే పనికి పూనుకొనుడు.