చేయని తప్పు ఒప్పుకోవద్దు



మన ఎరుకలవాళ్లను పుట్టు నేరస్తులుగా చూసిన చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. అనుమానం మాత్రం పోలేదు. ఊళ్లో మోటారు పోయినా మొదట మన వాడకే వస్తారు.

ఎందుకు అరెస్టు చేస్తున్నారో అడగండి. తీసుకెళ్లిన టైము ఇంట్లోవాళ్లు రాసిపెట్టుకోవాలి. ప్రయాణం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఆలస్యం చేసినా, కొట్టినా అక్కడే చెప్పండి. బెయిలబుల్ కేసైతే బెయిలు మన హక్కు.

"చిన్న కేసే, ఒప్పుకుని జరిమానా కట్టేయ్" అంటారు. కట్టేస్తే శిక్ష పడినట్టే. రేపు ఉద్యోగం వచ్చినప్పుడు పోలీసు వెరిఫికేషన్‌లో అదే అడ్డొస్తుంది.

ముందు 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతున్నా ఎస్టీలకు లాయరు ఉచితం. కావాలని తప్పుడు కేసు పెడితే అట్రాసిటీ చట్టం ఉంది. అక్రమంగా నిర్బంధిస్తే హైకోర్టు పరిహారం ఇప్పించగలదు.

మేము తెలియక వేలిముద్రలు వేశాం. మీరు చదవకుండా సంతకం పెట్టకండి.