రెండు చేతుల బౌలరు

రెండు చేతులతోను బాణము వేయగలవాడు కనుక అర్జునుడు సవ్యసాచి యైనాడు. ఆ నేర్పు నేటి ఆటలలోను అరుదే. 2025 ఏప్రిల్ 3న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో హైదరాబాదు జట్టు పక్షమున సింహళ ఆటగాడు కామిందు మెండిస్ ఒకే ఓవరులో చేతులు మార్చి బౌలు చేసి, నాలుగు పరుగులిచ్చి ఒక వికెట్టు తీసికొనెను. చేయి మార్చుటకు ముందు అంపైరుకు చెప్పవలెను; చెప్పనిచో నోబాలు.

అమెరికా బేస్‌బాలులో బంతి విసరువానిని పిచ్చరందురు. 2008లో పాట్ వెండెట్టీ చేయి మార్చినకొలది ఎదుటివాడును ప్రక్క మార్చుచుండగా ఆట సాగలేదు. చూచువారికి వినోదమే! పిచ్చరు తన చేయి ముందుగా తెలుపవలెనను నియమము అప్పుడు పుట్టినది. రెండు బొటనవ్రేళ్ల గ్లవుతో అతడు 2015లో మేజర్ లీగునకు చేరెను.

రామకృష్ణాపూరు వంటి గనుల ఊళ్లలో, తండ్రి షిఫ్టు దిగి వచ్చువరకు మైదానమున ఆడు పిల్లలలో అట్టివాడు ఉండవచ్చును. ఎడమచేత పలక పట్టినందుకే గద్దించు ఇండ్లు మనకు నేటికిని కలవు. శిక్షకుడైనను తొందరపడి ఒక చేయి మాన్పించరాదు. అట్లని రెట్టింపు ఓవర్లు వేయించుటయు తగదు. భుజములు రెండైనను నడుము ఒక్కటే. ఒక సీజను పాటు రెండు చేతులను సాగనిచ్చి చూడవలెను.